పోయిన దారి లెక్క

ముప్పై ఏళ్ళకు పైగా అంచనాలు వేయడమే నా ఉద్యోగం. గణాంక శాఖలో మండల స్థాయిలో పనిచేసి కడప జిల్లా బద్వేలులోనే రిటైరయ్యాను. శనక్కాయ చేలో ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పున గడి కొలిచి, నాలుగు మూలలా గూటాలు కొట్టి తాడు కట్టించి, ఆ తాడు లోపలి చెట్లు మాత్రమే పెరికించి, కాయ తూకం వేసి, ఆ తూకాల మీద మండలం దిగుబడి ఎంతో చెప్పినవాణ్ణి. ఏ చేలో గడి వేయాలన్నది మన ఇష్టం కాదు. యాదృచ్ఛిక సంఖ్యల పట్టికలో ఏ సర్వే నంబరు వస్తే అక్కడికే పోవాలి. రోడ్డు పక్కన, బోరు కింద, పచ్చగా ఉన్న చేలో గడి వేస్తే మండలమంతా పచ్చగా ఉన్నట్టే లెక్క వస్తుంది. అప్పుడు చేను ఎండిపోయిన రైతుకు బీమా అందదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలకు నేను మొట్టమొదట చెప్పే పాఠం ఇదే.

అట్లాంటి నేను ఒక కారు తెర మీద వెలిగిన అంకెను నమ్మాను. గుండె పరీక్ష చేయించుకుని వస్తున్న మా చిన్నాయనను వెలిగొండల అడవిలో, రాత్రిపూట, రోడ్డు పక్కన రాయి మీద కూర్చోబెట్టాను. ఆయన క్షేమంగా ఇల్లు చేరాడు కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. నా బుద్ధి ఎక్కడ ఎట్లా తప్పిందో దాచుకోకుండా చెప్పాలి. హైబ్రిడ్ కార్లు ఇప్పుడు మా ఊళ్ళోకి కూడా వస్తున్నాయి. నేను చేసిన పని ఇంకొకరు చేయకూడదు.

కారు నాది కాదు, మా అల్లుడిది. బెంగళూరులో ఉన్నంతకాలం అతను నడిపాడు. ఉద్యోగం మీద అమెరికా పోతూ మా ఇంట్లో వదిలిపెట్టి, 'వారానికి నాలుగు రోజులన్నా తిప్పండి మామయ్యా' అన్నాడు. దాని పేరు ఇక్కడ చెప్పను. తప్పు కారుది కాదు, నాది.

హైబ్రిడ్ అంటే తెలియని వారికోసం రెండు మాటలు. ఇందులో పెట్రోలు ఇంజను ఉంటుంది, కరెంటు మోటారు కూడా ఉంటుంది. దీన్ని కరెంటు కారులాగా గోడకు తగిలించి చార్జింగ్ పెట్టే పని లేదు. బ్రేకు వేసినప్పుడు, పల్లానికి జారేటప్పుడు చక్రాల శక్తిని మోటారు కరెంటుగా మార్చి చిన్న బ్యాటరీలో దాస్తుంది. నెమ్మదిగా పోయేటప్పుడు ఇంజను ఆపేసి ఆ కరెంటుతోనే బండిని కదిలిస్తుంది. బ్యాటరీ చాలా చిన్నది. మన దేశంలో అమ్ముతున్న గ్రాండ్ విటారా, హైరైడర్ హైబ్రిడ్‌లలో దాని సామర్థ్యం 0.76 యూనిట్లు, అంటే ఒక యూనిట్ కరెంటు కూడా పట్టదు. లీటరు పెట్రోలులో సుమారు తొమ్మిది యూనిట్లకు సమానమైన శక్తి ఉంటుంది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, హైబ్రిడ్ కారులో ప్రతి యూనిట్ కరెంటూ ఎప్పుడో ఒకప్పుడు పెట్రోలు నుంచే వచ్చిందని అర్థమవుతుంది. నేను ఆ పని చేయలేదు. ఇంజను చప్పుడు లేకుండా బండి కదులుతుంటే ఏదో ఉచితంగా దొరుకుతున్నట్టు సంబరపడ్డాను.

బద్వేలులో ఆ కారు నడవడానికి అన్నీ అనుకూలమే. పొద్దున్నే సిద్దవటం రోడ్డులో కూరగాయలకు, సాయంత్రం పోరుమామిళ్ళ రోడ్డులో ఉన్న స్నేహితుడి ఇంటికి. ముప్పై, నలభై వేగానికి మించి పోయే అవసరమే రాదు. ఆటోలు, ఎద్దుబండ్లు, స్కూలు పిల్లలు అడ్డం వచ్చినప్పుడల్లా బ్రేకు వేయాలి, వేసినప్పుడల్లా కొంత కరెంటు తిరిగి వస్తుంది. మామూలు పెట్రోలు కారు ఊళ్ళో ఎక్కువ తాగి హైవే మీద తక్కువ తాగుతుంది. హైబ్రిడ్‌కు చాలావరకు ఇది తిరగబడుతుంది. ఊళ్ళో పొదుపు, హైవే మీద వేగం పెరిగేకొద్దీ ఖర్చు. ట్యాంకు నింపించిన రోజు ఇంకా తొమ్మిది వందల కిలోమీటర్లకు పైగా వస్తుందని తెర మీద కనబడింది. ఇంటికొచ్చిన వాళ్ళందరికీ ఆ అంకె చూపించాను. ఆ అంకె నా సొంత ఆస్తిలాగా మాట్లాడాను.

నమ్మకానికి ఇంకో ఆధారం కూడా చూసుకున్నాను. 2022లో మన మార్కెట్లోకి వచ్చిన ఆ రెండు హైబ్రిడ్‌లకు ధ్రువీకరించిన మైలేజీ లీటరుకు 27.97 కిలోమీటర్లు, ట్యాంకు 45 లీటర్లు. గుణిస్తే 1,250 దాటుతుంది. పరీక్షించి ఇచ్చిన అంకె కదా, దానికి తిరుగేముంటుంది అనుకున్నాను. ఆ పరీక్ష ఎట్లా చేస్తారో ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. కారును రోడ్డు మీద నడపరు. పరీక్షాకేంద్రంలో ఉక్కు రోలర్ల మీద నిలబెట్టి చక్రాలు తిప్పుతారు. వ్యవహారం మొత్తం సుమారు ఇరవై నిమిషాలు. సగటు వేగం గంటకు ముప్పై పైచిలుకు, గరిష్ఠ వేగం 90. ఎక్కుడు లేదు, ఎదురుగాలి లేదు, ఏసీ వేయరు. రెండు కార్లను పోల్చి చూడటానికి ఆ పరీక్ష పనికొస్తుంది, అందులో తప్పేమీ లేదు. కాని అది మే నెలలో బద్వేలు రోడ్డు కాదు.

చిన్నాయన గురించి చెప్పాలి. ఆయన ఆర్టీసీ డ్రైవరుగా బద్వేలు డిపోలో చేసి రిటైరయ్యాడు. నెల్లూరు సర్వీసు ఏళ్ళ తరబడి తోలాడు. ఆర్టీసీలో డ్రైవరు పనితనానికి కొలత కేఎంపీఎల్. లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు తెచ్చాడో డ్రైవరు వారీగా డిపోలో లెక్క రాస్తారు, తగ్గితే పిలిచి అడుగుతారు. లీటరుకు అయిదు కిలోమీటర్ల చుట్టూ తిరిగే బస్సులో పాయింటు రెండు, పాయింటు మూడు ఎక్కువ తేవడానికి గేరు ఎక్కడ మార్చాలో, కాలు ఎక్కడ ఎత్తాలో ఒళ్ళంతా తెలిసిన మనిషి. చదివింది ఎనిమిదో తరగతి. ఆ రోజు కారులో ఇంధనం గురించి తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు, అది నేను కాదు.

నెల్లూరులో ఒక ఆసుపత్రిలో ఆయనకు గుండె పరీక్ష. మా బద్వేలు వాళ్ళకు పెద్ద వైద్యం అంటే కడప, తిరుపతి, లేకపోతే నెల్లూరు. తెల్లవారుజామున బయలుదేరాం. ఆయన, చిన్నమ్మ, నేను, నా భార్య. తెర మీద 290 కనబడింది. నెల్లూరు నూరు కిలోమీటర్ల పైచిలుకు. రానూపోనూ రెండు వందల ఇరవై, ముప్పై అనుకున్నా ఇంకా అరవై మిగులుతుంది. ఇదీ నా లెక్క. బద్వేలు దాటేటప్పుడు నెల్లూరు రోడ్డులో బంకు తెరిచే ఉంది, ఆగలేదు.

పోయేటప్పుడు ఆయనకు కుదుపు తగలకూడదని అరవై, అరవై అయిదు వేగంలో పోయాను. చల్లటి పూట, ఏసీ నామమాత్రం. గోపవరం దాటి, కొండదారి ఎక్కి దిగి, మర్రిపాడు, ఆత్మకూరు, సంగం మీదుగా నెల్లూరు చేరేసరికి తెర మీద 190 ఉంది. నూరు పైచిలుకు నడిస్తే నూరు మాత్రమే తగ్గింది. నా ఛాతీ ఉప్పొంగింది. 'చూడు చిన్నాయనా, నడిచిన దానికంటే తక్కువే తగ్గింది' అన్నాను. ఆయన ఆయాసంలోనే ఒక మాట అన్నాడు. 'పొయ్యేటప్పటి లెక్క వచ్చేటప్పటికి పనికిరాదు రా నాయనా. పొయ్యేది పల్లం, వచ్చేది ఎక్కుడు. ఈడనే పోయించుకో.' పరీక్షకు ఆలస్యమవుతుందని నేను సరేలే అని దాటేశాను.

మధ్యాహ్నం రెండయ్యేసరికి పరీక్ష అయిపోయింది. రిపోర్టులు చేతికి రావడానికి సాయంత్రం అవుతుందన్నారు. లోపల కూర్చోవడానికి చోటు లేదు, బయట నెల్లూరు ఉక్కపోత. ఆయన్ను కారులో వెనక్కి వాల్చి పడుకోబెట్టి ఏసీ వేశాను. మూడు గంటలకు పైగా అట్లాగే ఉన్నాం. కారు నిశ్శబ్దంగా ఉండేది, నడుమ నడుమ దానంతట అదే ఇంజను మేల్కొని కాసేపు తిరిగి ఆగిపోయేది. ఎందుకు తిరుగుతోందని నన్ను నేను ప్రశ్నించుకోలేదు. హైబ్రిడ్‌లో ఏసీ కంప్రెసరు కరెంటు మీద నడుస్తుంది. ఆ చిన్న బ్యాటరీ ఖాళీ కావడానికి ఎంతోసేపు పట్టదు. అది తగ్గినప్పుడల్లా నింపడానికి ఇంజను తిరుగుతుంది. బండి కదలకుండానే పెట్రోలు కరిగిపోతోంది. బయలుదేరేముందు చూస్తే 150 ఉంది. నలభై ఎక్కడికి పోయిందన్న ప్రశ్న మనసులో మెదిలింది. ఇంటికి నూటపది, ఇంకా నలభై మిగులే కదా అని దాన్ని అణిచేశాను. నా తెలివితక్కువతనం అంతా ఈ ఒక్క క్షణంలో ఉంది. అంచనా తేడా కొట్టిందని అంకె తానే చెప్పింది. గణాంకాల మనిషిని, ఆ తేడాను చూసీ పక్కన పెట్టాను.

అంతకుముందే డిక్కీలో బియ్యం మూటలు వేయించాను. చిన్నాయన రాత్రి మాత్రలు ఇంట్లో ఉన్నాయి, తొమ్మిదిలోపు వేయాలి. అందుకని తిరుగు ప్రయాణంలో తొంభై, వంద వేగంలో తోలాను. సంధ్యవేళ అయినా వేడి తగ్గలేదు, ఏసీ పూర్తిగా తిరుగుతోంది. సంగం దాటేసరికే అంకె నడిచిన దూరం కంటే వేగంగా పడిపోవడం మొదలైంది. ఆత్మకూరు చేరేసరికి 70. బద్వేలు అరవై లోపు. పెట్రోలు తక్కువైందని పసుపు రంగు దీపం కూడా వెలిగింది.

'ఆపు' అన్నాడు చిన్నాయన. 'కొండ ముందుంది. పోయించుకుని ఎక్కు.'

బంకులో లారీలు బారుగా నిలబడి ఉన్నాయి. మాత్రల టైము గుర్తొచ్చింది. 'వొద్దులే చిన్నాయనా, ఇంకా డెబ్బై వస్తాదని చూపిస్తాంది. సున్నా అయినా రిజర్వు ఉంటాది' అన్నాను. నా భార్య నా వైపు చూసింది, చిన్నమ్మ ఏమీ అనలేదు. ముప్పై ఏళ్ళు ఆ దారిలో బస్సు తోలిన మనిషి చెప్పిన మాట కంటే తెర మీద అంకె నాకు పెద్దదైంది. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ తల దించుకుంటాను.

మర్రిపాడు దాటి ఎక్కుడులో పడ్డాక అంకె పోయి గీతలు వచ్చాయి. ఇంకొంత దూరం పోయాక ఇంజను ఆగింది. బ్యాటరీ మీద బండి కొద్దిసేపు పాకింది. దాన్ని రోడ్డు అంచుకు తీసేంతలో అది కూడా అయిపోయింది. రెండు వైపులా అడవి. ఏసీ లేదు, అద్దాలు దించితే వేడిగాలి. చిన్నాయన లోపల ఉండలేనని దిగి రాయి మీద కూర్చున్నాడు. చిన్నమ్మ కొంగుతో విసురుతోంది. ఎర్రచందనం గస్తీ జీపు వచ్చి ఆగింది. డిక్కీ తెరవమన్నారు, తెరిచి చూపించాను. రాత్రిపూట ఆ అడవి పక్కన ఆగిన కారును అనుమానించడం వాళ్ళ పని, అది వాళ్ళు చేశారు. ముసలాయన్ను చూశాక వాళ్ళే ముందు ఊరికి ఫోను చేశారు. చివరికి షిఫ్టు దిగి బండి మీద పోతున్న ఇద్దరు కుర్రవాళ్ళు తమ మోటారు సైకిలు ట్యాంకులోంచి పైపు పెట్టి లీటరున్నర తీసిచ్చారు. అది పోస్తే కారు కదల్లేదు. ఎక్కుడు మీద ముక్కు పైకెత్తి నిలబడ్డ బండిలో ఆ కాస్త పెట్రోలు ట్యాంకులో ఒక మూలకు చేరి, పంపుకు అందలేదు కాబోలు. వాళ్ళే మళ్ళీ పోయి క్యానులో ఇంకా తెచ్చారు. డబ్బులిస్తే అసలు ధర మాత్రమే తీసుకున్నారు. మాత్రలు వేసేసరికి పదకొండు దాటింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు నోటు పుస్తకం తీసుకుని కూర్చున్నాను. మొదట కొండను నిందించాను. ఇంట్లో అందరూ అదే అన్నారు, చిన్నాయన కూడా పల్లం, ఎక్కుడు అనే కదా అన్నాడు. లెక్క వేసి చూశాను. బద్వేలు నెల్లూరు కంటే నూరు మీటర్లకు కాస్త అటూ ఇటూగా ఎత్తులో ఉంది. మనుషులు, మూటలతో కలిపి పదిహేడు వందల కిలోల బండిని నూరు మీటర్లు ఎత్తడానికి కావలసిన శక్తి అర యూనిట్ కూడా కాదు. ఇంజను పెట్రోలులోని శక్తిలో మూడో వంతును పనిగా మార్చినా, దానికి పట్టేది లీటరులో ఆరో వంతు. నడుమ కొండ ఎక్కినందుకు ఇంకొంత, దిగేటప్పుడు అందులో కొంత తిరిగి వస్తుంది. అన్నీ కలిపినా కొండ తిన్నది అర లీటరు లోపే. కొండ నన్ను ఆపలేదు.

మూడు గంటలు నిలబెట్టిన ఏసీకి గంటకు యూనిట్టున్నర చొప్పున నాలుగున్నర యూనిట్లు. ఒక లీటరుతో ఇంజను తయారు చేయగల కరెంటు మూడు యూనిట్ల చుట్టూ ఉంటుంది. అంటే లీటరున్నర నెల్లూరులో నిలబడ్డ చోటే పోయింది. ఆ తర్వాత వేగం. గాలి అడ్డు వేగం వర్గంతో పాటు పెరుగుతుంది. పొద్దున అరవై అయిదులో పోయినప్పటి కంటే రాత్రి తొంభై అయిదులో గాలిని తోసుకుని పోవడానికి రెండింతల బలం కావాలి. ఆ వేగంలో ఇంజను దాదాపు ఆగదు, బ్రేకు వేసేది తక్కువ, తిరిగి వచ్చే కరెంటు తక్కువ. హైబ్రిడ్ గొప్పతనం పనిచేసే చోటు ఏదీ ఆ దారిలో నేను మిగల్చలేదు. పొద్దున నాలుగు లీటర్ల పైచిలుకుతో అయిన దారికి రాత్రి ఆరున్నర లీటర్లు కావలసి వచ్చింది.

ఇక ఆ అంకె ఎట్లా పుడుతుందో కనుక్కున్నాను. ట్యాంకులో తేలుతూ ఉండే బుంగ ఒకటి, దానికొక చేయి. పెట్రోలు తగ్గితే చేయి దిగుతుంది, దాని కోణాన్ని బట్టి ఎంత మిగిలిందో కారు ఊహిస్తుంది. ఎక్కుడులో, పల్లంలో, మలుపులో పెట్రోలు అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి ఆ కొలతను సాగదీసి, సగటు చేసి తీసుకుంటుంది. మిగిలిన లీటర్లను ఈ మధ్య నడిచిన దూరంలో వచ్చిన సగటు మైలేజీతో గుణిస్తుంది. అంతే. ముందున్న దారి ఏమిటో, ఎంత వేగంలో పోతావో, ఎండ ఎంతో, డిక్కీలో ఏముందో దానికి తెలియదు. అది నడిచి వచ్చిన దారి లెక్కను నడవబోయే దారికి పరుస్తోంది. చల్లటి పూట నెమ్మదిగా, పల్లానికి పోయిన సగటును వేడి పూట వేగంగా, ఎక్కుడుకు పోయే దారికి పరిచింది. పచ్చటి చేలో గడి వేసి ఎండిన మండలానికి దిగుబడి చెప్పవద్దని జీవితమంతా నేర్పిన మనిషిని నేను.

వాన లెక్కా ఇట్లాంటిదే. కడప జిల్లాలో ఏడాదికి సగటు వాన సుమారు 700 మిల్లీమీటర్లు. పొద్దున ఎనిమిదిన్నరకు వాన కొలత తీసి పైకి పంపడం కూడా మా పనిలో భాగమే. సగటు వానను చూసి విత్తనం చల్లే రైతు మా సీమలో ఒక్కడూ లేడు. పడిన వానను చూస్తాడు, పదును చూస్తాడు, అప్పుడు గొర్రు కడతాడు. సగటు ఎంత నిజమైనదైనా ఈ ఏడాది ఈ చేనుకు అది మాట ఇవ్వదని వాళ్ళకు తెలుసు. నాకూ తెలుసు. మరి కారులో కూర్చున్నాక ఎందుకు మరిచిపోయాను? ఎంతో ఆలోచించాను. పంట కోత ప్రయోగంలో గడి నేనే కొలిచాను, తాడు నేనే కట్టాను, చెమట నాకే పట్టింది. అంకె ఎక్కడి నుంచి వచ్చిందో నా చేతులకు తెలుసు. కారు తెర మీద అంకె శుభ్రంగా, వెలుగుతూ, కిలోమీటరు తేడా లేకుండా పుట్టుకొస్తుంది. ఎట్లా వచ్చిందో కనబడదు. '290' అన్నదే గాని 'రెండు వందల యాభై నుంచి మూడు వందల ముప్పై మధ్య, దారిని బట్టి' అనదు. అటూ ఇటూ ఎంత తేడా రావచ్చో చెప్పని అంచనాను నా శాఖలో ఎవరు తెచ్చినా వెనక్కి పంపేవాణ్ణి.

అల్లుడికి ఫోనులో అంతా చెప్పి క్షమాపణ అడిగాను. బండికి ఏమైనా అయ్యుంటే అది అతనికి నష్టం కదా. అతను కోప్పడలేదు. అమెరికాలో కూడా ఈ హైబ్రిడ్ అంకెల చుట్టూ ఎంత గొడవ జరిగిందో చెప్పాడు. తర్వాత నేను కూడా చదివాను. 1997 చివర జపానులో మొదలైన టొయోటా ప్రియస్ హైబ్రిడ్‌లకు పెద్దన్న. 2004 నుంచి 2009 దాకా అమెరికాలో అమ్మిన ప్రియస్ ట్యాంకులో, పెట్రోలు ఆవిరి గాలిలో కలవకుండా ఉండటానికి, మెత్తటి సంచిలాంటి పొర పెట్టారు. ఆ పొర చలికి బిగుసుకునేది. అందుకని ట్యాంకు ఒక్కోసారి ఒక్కోలా పట్టేది, మీటరు చూపించే మట్టం నమ్మకంగా ఉండేది కాదు. ట్యాంకులో ఎన్ని లీటర్లు పడతాయో తేలనప్పుడు ఇంకెంత దూరం వస్తుందో ఏ లెక్కా సరిగ్గా చెప్పలేదు.

అంతకంటే నన్ను కదిలించింది అక్కడి ప్రభుత్వం చేసిన పని. 2008 మోడళ్ళ నుంచి పరీక్ష పద్ధతే మార్చారు. ఎక్కువ వేగం, ఏసీ వేసి నడపడం, చలిలో నడపడం, ఇవన్నీ లెక్కలోకి తెచ్చారు. అప్పటిదాకా గ్యాలనుకు 55 మైళ్ళుగా ఉన్న ప్రియస్ సగటు 46కు దిగింది. మన కొలతలో లీటరుకు 23 పైచిలుకు నుంచి పంతొమ్మిదిన్నరకు. కారు మారలేదు, కొలిచే తీరు మారింది. 2013లో ఫోర్డ్ కంపెనీ తన సీ-మాక్స్ హైబ్రిడ్ మీద రాసిన 47ను 43కు తగ్గించుకుంది. మరుసటేడు దాన్ని మళ్ళీ 40కి దించి, కొన్నవాళ్ళకు పరిహారం ఇచ్చింది. అంకె తప్పైతే సరిదిద్దుకోవాలన్నది అక్కడ చట్టం చేతిలో ఉంది. మనకూ అట్లాంటి పద్ధతి కావాలి. రాయలసీమ ఎండలో ఏసీ లేకుండా కారు నడిపేవాళ్ళు ఎవరున్నారు? ఏసీ ఆపేసి కొలిచిన మైలేజీని బోర్డు మీద రాయడం మా వాళ్ళకు సాయం చేయదు.

పెట్రోలు సంగతి కూడా మారింది. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. లీటరుకు లీటరు చూస్తే ఇథనాల్‌లో పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ శక్తి. అట్లా చూస్తే ఈ మిశ్రమంలో అచ్చమైన పెట్రోలు కంటే ఆరేడు శాతం శక్తి తక్కువ. ఇథనాల్ కలపడానికి దేశానికి తనవైన కారణాలున్నాయి, వాటితో నాకు పేచీ లేదు. పాత రోజుల మైలేజీని మనసులో పెట్టుకుని ట్యాంకును లెక్కకట్టకూడదన్నదే నా మాట.

దారి కూడా మారబోతోంది. బద్వేలు నుంచి నెల్లూరు వైపు పోయే ఈ 67వ నంబరు జాతీయ రహదారిని నాలుగు వరుసలు చేయడానికి 2025 మేలో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. గోపవరం నుంచి కృష్ణపట్నం రేవు కూడలి దాకా 108 కిలోమీటర్లు, ఖర్చు 3,653 కోట్లు. బద్వేలు నుంచి రేవుకు ఇప్పుడున్న 142 కిలోమీటర్లు 108కి తగ్గుతాయంటున్నారు. మా ప్రాంతానికి ఎంతో మేలు, నేనూ ఎదురుచూస్తున్నాను. ఆ రోడ్డు వచ్చాక అందరి వేగం పెరుగుతుంది. దూరం తగ్గింది కదా అని ట్యాంకును తక్కువ లెక్క వేసేవాళ్ళు కూడా పెరుగుతారు. వేగం పెరిగితే హైబ్రిడ్ ఏం చేస్తుందో నాకు ఆ రాత్రి తెలిసింది.

ఇప్పుడు కారులో ఒక నోటు పుస్తకం పెట్టాను. బంకులో పైపు దానంతట అదే ఆగేదాకా పోయిస్తాను, ట్రిప్ మీటరు సున్నా చేస్తాను. మళ్ళీ పోయించినప్పుడు నడిచిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగిస్తాను. ఊరి దారి ఒక పేజీ, నెల్లూరు దారి ఒక పేజీ, కడప దారి ఒక పేజీ. ఎండాకాలం వేరు, కార్తీకం వేరు. తెర చెప్పే సగటు కంటే నా పుస్తకంలో సగటు అయిదారు శాతం తక్కువే వస్తోంది. కడప దారిలో, ఎండాకాలంలో, ఏసీతో వచ్చే అంకె ఊళ్ళో వచ్చే అంకెకు చాలా దూరంలో ఉంది. ఆ అంకెల పక్కన ఆ రోజు ఎంతమంది ఉన్నారో, ఎంత వేగంలో పోయానో కూడా రాస్తున్నాను. ఇది నేను ఉద్యోగంలో చేసిన పనే. మొదటి రోజు నుంచే చేసి ఉండాల్సింది.

చిన్నాయన ఇప్పుడు బాగున్నాడు. ఆ రాత్రి గురించి ఒక్క మాట కూడా నన్ను అనలేదు. మొన్న కడప పోతుంటే నోటు పుస్తకం అడిగి తీసుకుని, పేజీలు తిప్పి చూసి, 'మా డిపోలో గూడా ఇట్లనే రాసేటోళ్ళు' అన్నాడు. ఆయన నడిపిన ఏళ్ళ కేఎంపీఎల్ లెక్కలు అడిగితే ఒక్కొక్క దారికీ నోటితోనే చెప్పాడు. ఏ ఎక్కుడు దగ్గర బస్సు ఎంత తాగుతుందో, ఏ కాలంలో ఎంత తగ్గుతుందో, నిండు లోడుకు, ఖాళీకి తేడా ఎంతో. అవన్నీ రాసుకున్నాను. అవి డీజిలు బస్సు లెక్కలే అయినా దారి అదే.

సీమలో హైబ్రిడ్ కారు కొన్నవాళ్ళకు, కొనబోయేవాళ్ళకు నా విన్నపం. మంచి కారు, ఊళ్ళో నిజంగానే పొదుపు చేస్తుంది, సందేహం లేదు. దూరం పోయేటప్పుడు మాత్రం తెర మీద అంకెలో మూడో వంతు తీసేసి మిగిలిన దాన్నే మీదిగా అనుకోండి. నిలబెట్టి ఏసీ వేసుకున్న గంటలను కూడా దూరంగానే లెక్క కట్టండి. నెల్లూరు నుంచి బద్వేలు వచ్చేవాళ్ళు ఆత్మకూరులో ఆగి, ఎంత వరుస ఉన్నా సరే, పెట్రోలు పోయించుకునే కొండ ఎక్కండి. కారులో ఆ దారి తెలిసిన పెద్దమనిషి ఉండి 'ఆపు' అంటే, దయచేసి ఆపండి.